తూకం చీటీ

ఆమె విగ్రహం కాకముందు
ఆమెను తూచినవాణ్ణి నేను.

ఆటోనగర్‌ల మా సేటు పాత ఇనుం దుకాణం,
కాంటా పక్కన రేకు కుర్చీ నాది.
రుద్రోజు అనసూర్య మొదటిసారి వచ్చిననాడు
విరిగిన బోనెట్లు పెనాల లెక్క కాలుతున్నయి.
కుప్ప మీదికెక్కి
ఒక్కో తునకను తిప్పి తిప్పి చూసింది,
ఎనుమాముల మార్కెట్ల మిర్చిని విరిచి
తేమ పట్టే బేరగాని తీరు.

లారీ కమాన్‌పట్టీలు పదకొండు.
మూతబడ్డ మిల్లు షాఫ్టు ఒకటి.
సైకిల్ చైన్లు బస్తెడు.
బోరు పైపులు, నీళ్లు పడనియి.
కాజీపేట షెడ్డు వేలంల వచ్చిన బ్రేకు దిమ్మెలు.
చీటీ మీద నేను రాసిన పేర్లు ఇవే.
భుజం, వెన్ను, జడ, పిక్క, మడమ అని
ఆమె లోపల వేరే చీటీ రాసుకుంటున్నదని
నాకేం ఎరుక?

వాళ్ల నాయన నాగటి కర్రులు సరిచేసేటోడట.
చిన్నప్పటి సంది తిత్తి గుంజి గుంజి
కుడి రెట్ట ఎడమదానికంటె లావైందని
చూపెట్టి నవ్వింది.
పైసలు మాత్రం వచ్చే నెల అన్నది.
సేటు ఆమెను ఏమనలేక నన్ను తిట్టిండు.

ములుగు రోడ్డు చౌరస్తాల గుడ్డ తీసిననాడు
జనం ముందుగాల చెయ్యి కోసం వెతికిన్రు.
చౌరస్తాల ఉన్నోళ్లు ఎవరైనా
ఏదో ఒక దిక్కు చూపెట్టాలె గదా మనకు!
ఈమె కూసున్నది.
ఇరవై అడుగుల మనిషి
ఎడమ పాదం కుడి మోకాలి మీదికి తెచ్చుకొని
అరికాలి మీదికి వంగి
రెండు వేళ్లు దగ్గరికి చేసి
ముల్లు తీసుకుంటున్నది.
దండలు పట్టుకొని వచ్చినోళ్లకు
మెడ అందలే.

రామప్ప గుడి గోడ మీద ఇసొంటామె ఉన్నదని
రిటైరైన డ్రాయింగు సారొకాయన అన్నడు.
అక్కడ ముల్లు ఇంకొకరు తీస్తరట.

కార్పొరేషన్ ఇంజినీరు నిచ్చెన ఎక్కిండు,
వేళ్ల సందుల టార్చి కొట్టిండు,
దిగి రాసిండు:
"ముల్లు లేదు. పని అసంపూర్తి."
బిల్లుల ఏడు వేలు కోసిన్రు.

నాకు పాణం ఊకోక అడిగిన:
"మేకంత తునక అక్కా, ఊకెనే ఇస్తుంటి గదా."
కిరసనాయిలుతోని చేతులు కడుక్కుంట అన్నది:
"ఇస్తవు. ఎవరి కాలుదిస్తవు?"

జాతర నెలల బస్సు దిగినోళ్లు
ఆమె మడమ కాడ బెల్లం పెట్టి పోయిన్రు.
ఇస్కూలు పిల్లలు వేళ్ల నడుమ
ఒకసారి ఊదుబత్తి, ఒకసారి ఐస్‌క్రీం పుల్ల.
ఆటోలోళ్లకు ఆమె ఇప్పుడు ముల్లమ్మ.
పలక మీది పేరు ఎవరూ చదవరు,
చేసినామె పేరు పలక మీదనే లేదు.

మొన్నటి ముసురుల
తెల్లారగట్ల నాలుగింటికి లోడు దింపుకొని వస్తున్న.
చౌరస్తా ఊడ్చే ఆమె
చీపురు పక్కకు పెట్టి దిమ్మె మీద కూసుంది.
చెప్పు విడిచింది.
ఎడమ పాదం కుడి మోకాలి మీదికి.
పైనామెను చూసి చేసింది కాదు,
కాలుకు నొప్పైతే ఎవరైనా గట్లనే కూసుంటరు.
ఏందో గుంజి
వీధి దీపం దిక్కు లేపి చూసింది.
గాజుపెంకో, సీల తునకో,
దూరంకెళ్లి నాకు కానరాలే.
రోడ్డు మీద పారెయ్యలే.
కొంగున ముడేసుకొని
లేచి, కుంటుకుంట, మళ్ల ఊడ్చుడు పెట్టింది.

ఈ పొద్దు దుకాణం తెరిచి
కాంటాను సున్నకు తెచ్చి
పాత చీటీల కట్ట విప్పిన.
మొత్తం రెండు వేల నూట నలభై కిలోలు.
రావలసిన బాకీ పదకొండు వందలు.
దాని కింద ఇంకో వరుస రాసిన:
ముల్లు, ఒకటి.
తూకం గడి ఖాళీ.

సేటు చూస్తే అడుగుతడు.
అడగనీ.